చమురు లేని కందెన

కందెన అనగానే బండి ఇరుసుకు రాసే ఆముదమో, యంత్రములలో పోసే నూనెయో స్ఫురిస్తుంది. నూనె ఆవిరియైపోయే శూన్యములో, గడ్డకట్టే అతిశీతలములో యంత్రములను నడపవలసి వచ్చినప్పుడు ఇంజనీర్లు రెండు నల్లని ఖనిజముల వంక చూశారు. ఒకటి పెన్సిలులోని గ్రాఫైటు. రెండవది మాలిబ్డినైటు, అనగా మాలిబ్డినం డైసల్ఫైడు.

చూపునకు రెండును ఒకటే. వ్రేళ్లకు జిడ్డుగా తగులుతాయి, కాగితముపై గీతలు గీస్తాయి. పూర్వులు రెండింటిని సీసపు ఖనిజములని భ్రమపడినారు. స్వీడను రసాయనవేత్త షీలే 1778లో మాలిబ్డినైటును నత్రికామ్లముతో మరిగించగా తెల్లని పొడి మిగిలినది. గ్రాఫైటు ఆ ఆమ్లమునకు లొంగలేదు. ఇవి వేరువేరు పదార్థములని అట్లు తేలినది. 1781లో యెల్మ్ ఆ తెల్లని పొడినుండి కొత్త లోహమును రాబట్టాడు. గ్రీకుభాషలో సీసమునకు గల ‘మాలిబ్డోస్’ అన్న పేరే దానికి దక్కినది. భ్రమ తొలగినా పేరు మారలేదు!

1923లో డికిన్సన్, లైనస్ పాలింగ్ ఎక్స్-కిరణముల సహాయమున మాలిబ్డినైటు స్ఫటిక నిర్మాణమును నిర్ణయించారు. మాలిబ్డినం పరమాణువుల పొరకు పైన ఒకటి, క్రింద ఒకటి గంధకపు పొరలు ఉంటాయి. ఈ మూడును గట్టిగా పెనవేసుకొని ఒక కట్టయై ఉంటాయి. కట్టకు, కట్టకు నడుమ పట్టు మాత్రము స్వల్పము. అడ్డముగా తోసినచో పేకముక్కలవలె జారిపోతాయి. గ్రాఫైటు కూడ పొరల నిర్మాణము గలదే. ఇక రెండును ఒకే రీతిని పనిచేయవలెను గదా?

అట్లు జరుగలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానములు మిక్కిలి ఎత్తున ఎగిరినప్పుడు వాటి జనరేటర్లలోని కర్బనపు బ్రష్షులు త్వరత్వరగా అరిగి పొడియై రాలినవి. అమెరికాలో సావేజ్ అను పరిశోధకుడు 1948లో ప్రకటించిన ప్రయోగఫలితములు కారణమును తేల్చినవి: గ్రాఫైటు జారుటకు గాలిలోని నీటియావిరి అవసరము. అంత ఎత్తున అది అత్యల్పము. మాలిబ్డినైటుకు ఈ ఇబ్బంది లేదు. తేమలేని చోటనే అది ఇంకను బాగుగా జారుతుంది. అందుచేత రోదసీయుగములో దానికి గిరాకి పెరిగినది. జిగురు పదార్థముతో కలిపి లోహముపై పలుచని పూతగా వేయసాగారు.

ఆ పూతకు కఠినపరీక్ష గెలీలియో వ్యోమనౌకలో ఎదురైనది. గురుగ్రహమును పరిశీలించుటకు అమెరికా నిర్మించిన ఈ నౌకలో గొడుగువలె విచ్చుకొనే ఏంటెన్నా, దానికి 18 కమ్ములు ఉండేవి. 1986 జనవరిలో ఛాలెంజర్ ప్రమాదము వలన ప్రయాణము వాయిదాపడినది. ఈలోగా ఏంటెన్నా కాలిఫోర్నియా, ఫ్లోరిడాల మధ్య లారీలలో తిరిగినది. నౌక 1989 అక్టోబరులో బయలుదేరినది. 1991 ఏప్రిల్‌లో ఏంటెన్నాను తెరువబోగా కొన్ని కమ్ములు కదలలేదు. రోడ్డు కుదుపులకు, కమ్ములను పట్టియుంచే చీలల మీది పూత అరిగిపోయి ఉండునని నిపుణులు తేల్చినారు. గాలిలో లోహముపై ఆక్సైడు పొర చెదిరినా తిరిగి ఏర్పడుతుంది, శూన్యములో ఏర్పడదు. పూత పోయినచోట లోహము లోహమును పట్టుకొన్నది.

ఎండవైపు త్రిప్పి వేడిచేశారు, నీడకు త్రిప్పి చల్లబరచారు, మోటారును మాటిమాటికి అదిలించారు. లాభము లేకపోయినది. సెకనుకు సుమారు 1,34,000 బిట్ల సమాచారము పంపవలసిన నౌక, చిన్న ఏంటెన్నాతో 160 బిట్లు పంపుటయే గగనమైనది. సమాచారమును కుదించే కొత్త పద్ధతులను భూమినుండియే దానికి నేర్పినారు. 1995 డిసెంబరులో గురుగ్రహమును చేరి, తలపెట్టిన పరిశీలనలలో సుమారు 70 శాతము అది నెరవేర్చినది. 2003 సెప్టెంబరులో ఆ గ్రహపు వాతావరణములో దగ్ధమగువరకు గొడుగు సగము ముడుచుకొనియే ఉన్నది.