మొదటి రూపాయి ఎవరిది? వెలివాడ ఇళ్ళు, 'లబ్ధిదారు వాటా'

ఇళ్ళ పథకాల చరిత్ర రాసేవాళ్ళు ఏ ముఖ్యమంత్రి హయాంలో ఎన్ని లక్షల ఇళ్ళు కట్టారో లెక్క చెబుతారు. ఇల్లు మంజూరైన రోజుకీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిన రోజుకీ మధ్య ఆ కుటుంబం ముందుగా తియ్యాల్సిన డబ్బు ఎక్కడ్నించి వచ్చిందో మాత్రం ఆ లెక్కల్లో ఉండదు. మాల మాదిగ వాడల్లో అడిగితే జవాబు వెంటనే వస్తుంది. వడ్డీకి తెచ్చాం అంటారు. ఎవరి దగ్గర? చాలాసార్లు, ఏ ఆసామి పొలంలో కూలికి పోతున్నారో ఆయన దగ్గరే.

ఇది నిన్నమొన్న మొదలైంది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో లేబర్ కమిషనర్ని నియమించి అణగారిన కులాల బాగోగులు ఆయనకి అప్పగించారు. ఇళ్ళస్థలాలు ఇప్పించడం ఆ శాఖ ముఖ్యమైన పనుల్లో ఒకటి. గుడిసె ఉన్న నేల భూస్వామిది అయినచోట, కూలి ఎక్కువడిగిన మనిషిని మర్నాడే గుడిసె పీకించి వెళ్ళగొట్టొచ్చు. నేల తనదైతే నోరు లేస్తుంది. ఆ సంగతి దొరలకీ తెలుసు, భూస్వాములకి ఇంకా బాగా తెలుసు. అయితే ఆ స్థలాలు ఊరకే ఇచ్చినవి కావు. సహకార సంఘాలు పెట్టించి, భూమి కొన్న ఖర్చుని అప్పు కింద రాసి, వాయిదాల మీద కూలివాళ్ళ దగ్గరే రాబట్టే పద్ధతి నడిచింది. తరతరాలుగా ఆ మట్టిలో వెట్టి చేసినవాడే ఆ మట్టిలో కాసింత చోటుకి వెల కట్టాల్సి వచ్చింది.

మన రాష్ట్రంలో 1979లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో ఎన్టీఆర్ వచ్చాక పక్కా ఇళ్ళు పెద్ద ఎత్తున మొదలయ్యాయి. కొంత సబ్సిడీ, కొంత అప్పు, కొంత లబ్ధిదారు వాటా. 1985-86లో కేంద్రం తెచ్చిన ఇందిరా ఆవాస్ యోజన దీనికి భిన్నం. ఎస్సీ, ఎస్టీలకీ వెట్టి నుంచి విడుదలైనవాళ్ళకీ ఉద్దేశించింది, అప్పు లేని గ్రాంటు.

కానీ గ్రాంటైనా అప్పైనా, సొంతంగా కట్టుకునే ఇళ్ళకి బిల్లు దశల వారీగానే వస్తుంది. పునాది లేస్తే ఒక బిల్లు, గోడలు లేస్తే ఇంకోటి, స్లాబు పడితే మరొకటి. మా ఇల్లు 2007లో మంజూరైంది. నేనప్పుడు పదో తరగతి. బేస్‌మెంటు దాకా లేపి ఫొటో దిగితేనే మొదటి బిల్లు అన్నారు. పునాది రాయికీ, ఇసక తోలిన ట్రాక్టరుకీ డబ్బు ఎవరివ్వాలో ఎవరూ చెప్పలేదు. గేదెని అమ్మారు. అమ్మ కమ్మలు తాకట్టుకి పోయినయ్. అవీ చాలక మా నాన్న తను పాలేరుగా ఉన్న ఆసామి దగ్గరే నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. బిల్లు నాలుగు నెలలకి వచ్చింది. ఆ బాకీ తీరేదాకా, కూలి పెంచమని వాడంతా అడిగినప్పుడు మా నాన్న ఆ గుంపులో లేడు. 1920లో ఏ బెదిరింపు పోవాలని ఇళ్ళస్థలాలిచ్చారో, అదే ఇల్లు పేరుతో మా గుమ్మంలోకి వచ్చింది.

దీన్ని సర్కారు ఉద్యోగితో పోల్చి చూడండి. ఆయన ఇల్లు కట్టుకుంటానంటే హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు ఇస్తారు. పేరులోనే అడ్వాన్సు ఉంది. కూలివాడికి మాత్రం పని అయ్యాక బిల్లు.

2005 డిసెంబరులో వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం ఈ ఆలోచనని రూలుగానే రాసింది. పేదలకి ఇల్లు ఉచితంగా ఇవ్వకూడదు, కనీసం 12 శాతం లబ్ధిదారు కట్టాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, వికలాంగులు, ఇతర బలహీన వర్గాలైతే 10 శాతం. వేల ఏళ్ళ అంటరానితనానికి నూటికి రెండు రూపాయల రాయితీ! ఊరకే ఇస్తే విలువ తెలీదని దీనికి సమర్థింపు. ఆ ఇళ్ళకి ఇటుకలు మోసిందెవరు?

ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి ఈ ముందు సొమ్ము బాగా పెరిగింది. 300 చదరపు అడుగుల ఇంటికి 500 రూపాయలే. 365 అడుగులకి 50 వేలు, 430 అడుగులకి లక్ష, పైన బ్యాంకు అప్పు. పొదుపు సంఘంలో తీసుకునో, బంగారం పెట్టో డీడీలు కట్టినవాళ్ళు ఉన్నారు. చాలాచోట్ల ఇళ్ళు ఏళ్ళ తరబడి అప్పగించలేదు. అటు అద్దె, ఇటు వడ్డీ. 2019లో వచ్చిన ప్రభుత్వం చిన్న ఇంటిని రూపాయికిచ్చి, మిగతా రెండింటికీ వాటాని సగానికి తగ్గించి 25 వేలు, 50 వేలు చేసింది. ఆ పార్టీ మీద ఎన్ని విమర్శలున్నా ఈ సాయం గుర్తించాలి. రూలు రాయి మీద చెక్కింది కాదని దాంతో తేలింది. తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇళ్ళకైతే వాటా లేదు, అప్పూ లేదు. 560 అడుగుల ఇల్లు. ఎదురుచూసినవాళ్ళతో పోలిస్తే అందినవాళ్ళు తక్కువ, అది వేరే పోరాటం.

ఇళ్ళ కోసం దరఖాస్తులు రాసిపెట్టే కార్యకర్తలూ, ఫీల్డువర్కుకి పోయే విద్యార్థులూ ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే బావుంటుంది: ముందు డబ్బు ఎవరిచ్చారు, ఎంత వడ్డీకి? మంజూరై కూడా ఆ డబ్బు పుట్టక వదులుకున్నవాళ్ళ పేర్లు కూడా రాసుకోండి. లబ్ధిదారుల జాబితాలో వాళ్ళు కనపడరు.