ఆకాశపురముల దహనము



మన గోరంట్ల సీమలో జనులు తలయెత్తి ఆకాశమును చూచుట వానకొఱకే. చిత్రావతిలో ఇసుక తప్ప నీరు కానరాని యేట అందఱి కన్నులును మబ్బులపైననే యుండును. ఆ యాకాశమునందే మహాయుద్ధములు జరిగిన కథలు మన పురాణములందు పెక్కు కలవు. నేటి బాలురు చలనచిత్రములలో నక్షత్రముల నడుమ జరుగు కల్పితయుద్ధములను చూచి సంతసించుచున్నారు. ఒక్క పోటున ఒక గోళమే పగిలి తునుకలగును; చూచువారు చప్పట్లు చఱతురు. అందు నివసించిన తల్లులెందఱు, శిశువులెందఱు అను ప్రశ్న పుట్టదు. కల్పితకథలోని చావునకు ధర్మవిచారమేల యని కొందఱందురు. మన పూర్వులు కథయందే యా విచారము చేసిరని నేడు మనవి చేయుదును.

మహాభారత కర్ణపర్వమున శల్యుని సారథ్యమునకు ఒప్పించుటకై దుర్యోధనుడు త్రిపురసంహారకథను చెప్పెను. తారకాసురుని కుమారులు తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి యను మువ్వురు. వారికి మయుడు స్వర్గమున బంగారుపురమును, అంతరిక్షమున వెండిపురమును, భూమిపై ఇనుపపురమును నిర్మించెను. వేయి సంవత్సరములకొకమాఱు ఆ మూడును ఒక్కటిగా కూడును. ఆ సమయమున పరమశివుడు ఏకబాణమున వానిని దహించెను. హంపీ విరూపాక్షాలయ రంగమండపపు కప్పుపై ఈ ఘట్టము చిత్రింపబడియున్నది. నేను బడిలో ఈ కథ చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, ఆ ఊళ్లలో పసిబిడ్డలు లేరా?" అని యడిగెను. అది అధికప్రసంగము కాదు. పురాణకర్తయే ఆ ప్రశ్నను మునుపు వేసియున్నాడు.

మత్స్యపురాణమున నర్మదామాహాత్మ్యమందు ఈ కథ వేఱొక రీతిగా కలదు. అందు త్రిపురమునకు ప్రభువు బాణాసురుడు. పురము మండుచుండగా స్త్రీలు బిడ్డలతో కూడి విలపింతురు. వారిలో ఒకతె అగ్నిదేవునే నిలదీసి, పురుషులతో వైరమున్నచో స్త్రీలు చేసిన యపరాధమేమని యడుగును. తాను స్వతంత్రుడను కాననియు, ఆజ్ఞను నెఱవేర్చువాడను మాత్రమే యనియు అగ్ని బదులు చెప్పును. లోకమున ఎన్ని యుద్ధములు జరిగినను, కాల్చినవాడు చెప్పు సమాధానము ఇదియే గదా! కాని కథ ఆ సమాధానముతో ముగియలేదు. బాణుడు శివుని స్తుతింపగా స్వామి కరుణించి మూడవ పురమును రక్షించెను. కాలిన రెండింటిలో ఒకటి శ్రీశైలమునను, మఱియొకటి అమరకంటకమునను పడెనని పురాణోక్తి. శ్రీశైలమునకు తూర్పుద్వారమని ప్రసిద్ధి చెందిన త్రిపురాంతకము నేటికిని ఆ పేరును మోయుచున్నది.

వనపర్వమున మఱియొక నిదర్శనము కలదు. పౌలోములు, కాలకేయులు నివసించిన హిరణ్యపురము ఆకాశమున సంచరించు నగరము. అర్జునుడు దివ్యాస్త్రముచే దానిని కూల్చెను. పిమ్మట ధర్మరాజునకు ఆ వృత్తాంతమును తానే చెప్పుచు, జుట్టు విరియబోసికొని యేడ్చుచు వెలికి వచ్చిన దానవస్త్రీలను మఱువక వర్ణించెను. జయించినవాని నోటనే ఓడినవారి రోదనమును వినిపించుట వ్యాసమహర్షి ధర్మబుద్ధి. అంతటితో ఆగక, ఆ యస్త్రములను సోదరులకు చూపింపబోగా భూమి కంపించెను, ప్రాణులు తపించెను. అప్పుడు నారదుడు వచ్చి, వానిని వేడుకకై ప్రయోగింపరాదని వారించెను.

దుష్టశిక్షణము వలదా యని మీరడుగవచ్చును. వలయును. ఆ యసురులు లోకములను బాధించిన మాట నిజము. అయినను యుద్ధము అవసరమగుట వేఱు, అందు జరిగినదంతయు నిర్దోషమగుట వేఱు. కురుక్షేత్రమున పోరునకు ముందు ఉభయపక్షములును సమయము చేసికొనిరి. ఆయుధము లేనివానిని, పోరు విడిచి తొలగినవానిని, సూతుని, భేరీశంఖములు మ్రోయించువానిని కొట్టరాదని నియమించుకొనిరి. ఆ నియమములు పిమ్మట భంగమయ్యెను. భంగమయ్యెనని భారతమే చెప్పినది, దాచలేదు.

ఇవి కట్టుకథలని త్రోసివేయుటకు వీలులేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు మన విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపై ఒక్క అణుబాంబు పడెను. ఆ సంవత్సరాంతమునకు సుమారు 1,40,000 మంది మరణించిరి. వారిలో అధికులు ఆయుధము పట్టని జనులు. 1949 ఆగస్టు 12వ తేదీన జెనీవాలో రాజ్యములు కూడి, యుద్ధకాలమున పౌరులను రక్షించుటకై ప్రత్యేకముగా ఒక ఒడంబడికను వ్రాసికొనెను. ఒకే బాణమునకు నగరము కాలుట కవికల్పనయని నవ్వుటకు హిరోషిమా పిమ్మట ఎవనికిని అధికారము లేదు.

బాలుడు కథలో దేనికి చప్పట్లు కొట్టుట నేర్చునో, పెద్దవాడై లోకములో దానికే తలయూపును. కావున పెద్దలకు నాదొక్క విన్నపము. రచ్చబండకడ గాని, ఇంటి యరుగుపై గాని మనుమలకు త్రిపురదహనము చెప్పునపుడు ఏకబాణపు మహిమను చెప్పుడు. అగ్నిని ప్రశ్నించిన ఆ స్త్రీ మాటను విడువకుడు. కథ నిడివి పెరుగునని సంకోచింపవలదు. పిల్లలు వినెదరు.