నగరాలలో సైకిలు దారులు: నాణ్యత, భద్రత

రహదారి అంచున రంగు గీత గీసి సైకిళ్లకు కేటాయించిన భాగాన్ని సైకిల్ లేన్ అంటారు. గట్టు, స్తంభాలు లేదా మొక్కల వరుసతో మోటారు వాహనాల నుండి వేరుచేసినది సైకిల్ ట్రాక్. పురపాలక ప్రకటనలలో ఈ రెండింటికీ ఒకే పేరు వాడుతుంటారు. చిక్కు అక్కడినుండే మొదలవుతున్నది. గీతను దాటి రావడానికి కారుకు ఏ అడ్డూ ఉండదు.

2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర వృత్తులలో ఉన్నవారిలో ఇంచుమించు 13 శాతం మంది సైకిలు మీదనే పనికి వెళ్లేవారు. మోటారు సైకిలు, స్కూటరు వంటి వాటిపై వెళ్లేవారి వాటా కూడా అప్పటికి దాదాపు అంతే. పాలవాడు, తాపీ మేస్త్రి, కావలివాడు, బడిపిల్లలు సైకిలు తొక్కేది వ్యాయామం కొరకు కాదు. దారి నాణ్యతను వీరి అవసరాన్ని బట్టే కొలవాలి.

కొలమానం కొత్తదేమీ కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు దారుల నిర్మాణానికి ప్రమాణాలు ప్రకటించినది. 2015లో వాటిని సవరించినది. గంటకు 200కు మించి మోటారు వాహనాలు తిరిగే మార్గంలో, రద్దీ వేళ గంటకు 100 సైకిళ్లు మాత్రమే పోతున్నా ప్రత్యేక దారి సమంజసమేనని 1962 నాటి పత్రం చెప్పినది. గంటకు 200 మోటారు వాహనాలంటే నేడు చిన్న పట్టణపు బజారు వీధి సైతం దాటిపోయే సంఖ్య. దారి కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలనీ, దాని నునుపు, దీపాల వెలుతురు ప్రధాన రహదారికి తీసిపోరాదనీ కూడా అందులో ఉన్నది. ఈ చివరి మాటను పాటించిన దారులు అరుదు.

కోలారు, హోసూరు ప్రాంతాలవారు పనుల మీద వెళ్లివచ్చే బెంగళూరునే చూడవచ్చును. జయనగర్‌లో 2012లో సైకిలు లేన్లు ఏర్పరచారు. కొంతకాలానికే వాటిని నిలిపి ఉంచిన కార్లు ఆక్రమించినవి. 2020లో ఔటర్ రింగు రోడ్డుపై సిల్క్ బోర్డు వైపునుండి తాత్కాలిక సైకిలు దారి వేసి, స్తంభాలు నాటారు. ఆ రోడ్డుపై మెట్రో పనులు సాగిన కొద్దీ అది చాలా చోట్ల చెదిరిపోయినది. రోడ్డును తవ్వవలసి వచ్చినప్పుడు ముందుగా పోయేది సైకిలు దారే. తిరిగి రావడంలో మాత్రం దానిది చివరి వంతు.

తెలంగాణలో 2023 అక్టోబరులో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల దారిని ప్రారంభించారు. పైన సౌర ఫలకాల కప్పు, 4.5 మీటర్ల వెడల్పు ఉన్నవి. నిర్మాణపరంగా మెచ్చదగినది. అయితే నగరం నడుమ ఇంటినుండి పనికి పోయేవారి మార్గాలు వేరు.

ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది కూడళ్లలో. నేరుగా పోతున్న సైకిలుకు అడ్డంగా లారీ ఎడమకు తిరిగినప్పుడు, డ్రైవరు అద్దంలో సైకిలు కనబడకపోవచ్చును. మలుపును ఇరుకు చేస్తే వాహనం వేగం తగ్గించక తప్పదు. సైకిలు దాటేచోట నేలను కొంచెం ఎత్తు చేయడం, సైకిళ్లు ఆగే గీతను మోటారు వాహనాల గీతకు ముందుగా వేయడం కూడా పనిచేసే ఉపాయాలే. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అయినా మన దారులు సరిగ్గా కూడలి దగ్గరకే వచ్చి మాయమవుతుంటాయి.

ఆగి ఉన్న కార్ల పక్కనే లేన్ వేయడం మరొక పొరపాటు. తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే సైకిలుదారు తప్పుకోవడానికి జాగా ఉండదు. మురుగు కాలువలపై ఇనుప చట్రాల పట్టీలు ప్రయాణ దిశకు అడ్డంగా ఉండాలి. దిశ వెంబడి ఉంటే సన్నని చక్రం సందులో దిగిపోతుంది. ఇక ప్రవేశద్వారపు స్తంభాల సంగతి: మోటారు సైకిలును ఆపేటంత దగ్గరగా నాటితే అవి సామాను సైకిలును కూడా ఆపుతాయి. కనుక ఆ పని పోలీసులే చేయాలి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలలో నిర్దేశిత ప్రమాణాలు పాటించనందున మరణం గాని అంగవైకల్యం గాని సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకు, గుత్తేదారుకు, సలహాదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. సైకిలు ప్రమాదం జరిగినచోట గుంత, చట్రం, ఆగిపోయిన దారి వంటి వాటిని ఫోటో తీసి, పోలీసు ఫిర్యాదులో స్థలంతో సహా వ్రాయించడం అందువలననే ముఖ్యం. ఆ వివరాలు లేని కాగితంలో తప్పు సైకిలువాడిదిగానో డ్రైవరుదిగానో మాత్రమే మిగులుతుంది.