లాసెట్ సన్నద్ధత

తెలుగు రాష్ట్రాల్లో న్యాయవిద్యలో ప్రవేశానికి రాసే పరీక్ష లాసెట్. ఇంటర్ పూర్తిచేసినవారు ఐదేళ్ల కోర్సుకూ, డిగ్రీ ఉన్నవారు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకీ రాస్తారు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు: జనరల్ నాలెడ్జ్, మానసిక సామర్థ్యం 30, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయశాస్త్ర అభిరుచి 60. సగం మార్కులు చివరి భాగానివే కాబట్టి సన్నద్ధత అక్కడే మొదలవ్వాలి. రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రిట్లను కంఠస్థం చేస్తే చాలదు. ఇచ్చిన సందర్భానికి సూత్రాన్ని అన్వయించడం అలవడాలి. ఇందుకు పాత ప్రశ్నపత్రాలను మించిన సాధన లేదు. వర్తమాన వ్యవహారాల కోసం రోజూ దినపత్రిక చదవాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఏ ప్రశ్ననూ వదలకూడదు. తెలుగులోనూ ప్రశ్నపత్రం ఉండటం పల్లె విద్యార్థులకు నిజమైన మేలు. హైదరాబాద్ నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సులకు మాత్రం క్లాట్ అనే వేరే ప్రవేశ పరీక్ష రాయాలి.