ఉత్సవాల వెనుక మాన్యాలు

తిరుమల బ్రహ్మోత్సవాలను మొదట బ్రహ్మదేవుడే జరిపించాడని ఐతిహ్యం. అందుకే ధ్వజారోహణం నుంచి చక్రస్నానం దాకా అన్నీ అనాదిగా ఇలాగే సాగుతున్నాయని చాలామంది నమ్మకం. గుడి గోడల మీది శాసనాలు చదివితే సంగతి వేరు. స్వామి ఏడాదికి ఎన్నిసార్లు మాడవీధుల్లోకి రావాలన్నది ఆయా కాలాల దాతలూ, వాళ్లు రాసిచ్చిన పొలాలూ తేల్చిన విషయం. పల్లవ రాణి సామవై వెండి భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించి, ఉత్సవాల ఖర్చులకు భూములు కూడా ఇచ్చింది. అది 614లో అని కొందరు, 966లో అని కొందరు అంటారు. రెండోదే సబబుగా తోస్తుంది. 1254లో విజయగండగోపాలుడు చైత్రంలో మరో బ్రహ్మోత్సవం పెట్టాడు. 1328లో తిరువేంకటనాథ యాదవరాయలు ఆషాఢంలో, 1429లో విజయనగర ప్రభువు దేవరాయలు ఆశ్వయుజంలో ఒక్కొక్కటి చేర్చారు. 1530లో అచ్యుతరాయలు ఏకంగా తన పేరుతోనే పెట్టించాడు. 1583 నాటికి నెలకొకటి! ధ్వజస్తంభం నుంచి గరుడ పటం దింపే తీరికైనా ఉండేదో లేదో. ఊరేగే మూర్తి సైతం ఒకరే కాదు. ఇప్పుడు వాహనాలెక్కే మలయప్ప స్వామి శాసనాల్లో తొలిసారి కనిపించేది 1339లో. అంతకుముందు ఊరేగిన ఉగ్ర శ్రీనివాసుడు నేడు ఏడాదికి ఒక్కసారి, కైశిక ద్వాదశి నాడు, పొద్దు పొడవకముందే వీధులు తిరిగి లోపలికి వెళ్లిపోతాడు.

అంతా వైఖానస ఆగమం ప్రకారమే జరిగింది కదా అనొచ్చు. అంకురార్పణ ఎలా చేయాలో, బలి ఎక్కడ వేయాలో, అవభృథం ఎప్పుడో ఆగమం చెబుతుంది, నిజమే. అచ్యుతరాయల పేరిట ఉత్సవం ఉండాలని మాత్రం ఏ ఆగమమూ చెప్పదు. భక్తిని పొలాల లెక్కల్లో కొలవడం అన్యాయమనీ అంటారు. శాసనం చెక్కించినవాళ్లకు ఆ మొహమాటం లేదు. నైవేద్యానికి బియ్యం ఎంత, నెయ్యి ఎంత, పెసలు ఎన్ని అన్నది కొలతలతో రాయించారు. స్వామికి ఆరగింపయ్యాక ప్రసాదంలో దాతకు రావలసిన నాలుగో వంతునూ మరిచిపోలేదు. వాళ్ల దృష్టిలో అదీ సేవే, ఇదీ హక్కే. పైగా ఆగమమే ఆ ఉత్సవాలన్నిటినీ నిలబెట్టి ఉంటే అవి నేటికీ జరుగుతూ ఉండాలి. విజయనగర ప్రభువులు పోయారు, మాన్యాలు చేతులు మారాయి, నెలనెలా జరిగినవి ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. ఇప్పుడు మిగిలింది ఏడాదికి ఒకటి. అధికమాసం వచ్చిన ఏడు మాత్రం ఏటా జరిగే ఈ సాలకట్ల బ్రహ్మోత్సవాలతో పాటు నవరాత్రి బ్రహ్మోత్సవాలు కూడా జరుగుతాయి.