లేఅవుట్ క్రమబద్ధీకరణ, ఖాళీ స్థలం రుసుము: పాలకీడు ప్రాంతం

పాలకీడు సూర్యాపేట జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో మండలంగా ఏర్పడింది. అంతకుముందు ఉమ్మడి నల్లగొండ జిల్లా నేరేడుచర్ల మండలంలో ఉండేది. సమీపంలోని నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడ పురపాలక పట్టణాలయ్యాయి. పాలకీడు గ్రామ పంచాయతీగానే ఉంది. ఊరైనా పట్టణమైనా, అనుమతి లేని వెంచరులో ఇంటి స్థలం కొన్నవారికి వర్తించేది ఒకే పథకం, ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం).

2020 ఆగస్టు 31న తెలంగాణ ప్రభుత్వం జీవో 131 ద్వారా ఈ పథకాన్ని ప్రకటించింది. ఆ ఏడాది ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన ప్లాట్లకే అప్పుడు అవకాశమిచ్చారు. దరఖాస్తు రుసుము ప్లాటుకు 1,000 రూపాయలు, లేఅవుట్‌కు 10,000. మొదట అక్టోబరు 15 వరకు ఇచ్చిన గడువును 31కి పెంచారు. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గ్రామ పంచాయతీల పరిధి నుంచీ పెద్ద సంఖ్యలో వచ్చాయి.

రుసుములో ఎక్కువ బరువుగా తోచేది ఖాళీ స్థలం వాటా. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. గజం వెయ్యి రూపాయల చొప్పున 200 గజాల ప్లాటుకు ఇది 28,000 రూపాయలవుతుంది. క్రమబద్ధీకరణ రుసుము దీనికి అదనం. స్థలం మిగల్చకుండా అంతా అమ్ముకున్నది వెంచరు వేసినవారు. డబ్బు కట్టేది కొనుక్కున్న కుటుంబం. ఇది న్యాయంగా లేదు. పైగా ఇళ్లు లేచిన వీధుల మధ్య పిల్లల ఆటస్థలానికి జాగా మళ్లీ దొరకదు. వసూలైన సొమ్మును ఆ ప్రాంత వసతులకు, ఖాళీ స్థలాల అభివృద్ధికే ఖర్చు చేయాలని నిబంధనల్లో ఉంది. ఆ సొమ్ముతో ఊళ్లో ఏం చేశారో గ్రామసభ అడగాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి.

అయితే, ఈ రుసుముల చెల్లింపు గడువు చర్చకు వచ్చిన 2025లో అడిగేందుకు ఎన్నికైన పాలకవర్గాలే లేవు. ఆ ఏడాది మార్చి 31లోగా కడితే రెండు రుసుముల్లోనూ 25 శాతం రాయితీ అన్నారు. పై లెక్కలోని 28,000 రూపాయలు 21,000కు తగ్గుతాయి. తర్వాత గడువును ఏప్రిల్ 30కి, ఆపైన మళ్లీ పొడిగించారు. అప్పటికి సర్పంచుల పదవీకాలం ముగిసి ఏడాది దాటింది (2024 జనవరి 31). చాలా పురపాలక సంఘాల పాలకవర్గాల కాలం కూడా 2025 జనవరి చివరికి తీరింది. గ్రామాల్లో ప్రత్యేకాధికారి, పంచాయతీ కార్యదర్శే అన్నీ చూశారు. ఆ పొడిగింపు మంచిచెడ్డలు మాట్లాడేందుకు ఈ ప్రాంతంలో ప్రజలు ఎన్నుకున్న పంచాయతీ, పురపాలక పాలకవర్గమేదీ లేదు.

దీనికి భిన్నంగా, అమెరికాలోని బౌల్డర్ నగరంలో 1967లో ఓటర్లే ఖాళీ భూములు కొనడానికి అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. తర్వాత పన్ను కొనసాగింపునకూ అక్కడ ప్రజల ఓటు అడుగుతారు. రాబడి మాత్రమే కాదు, నిలుపుకోవాల్సిన భూమి ఏదో కూడా ఆ చర్చలో ఉంటుంది.

2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు మూడు విడతల్లో జరిగాయి. అనుమతి పొందిన లేఅవుట్లలో పంచాయతీకి అప్పగించిన ఖాళీ స్థలాలను ఆక్రమణల నుంచి కాపాడడం కొత్త పాలకవర్గాల బాధ్యత. ఎల్ఆర్ఎస్ గడువుల నిర్ణయం మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిదే.