ఊరు మారిన ఆల్చిప్ప

ఆల్చిప్ప అనగానే తెలుగువాడికి మొదట స్ఫురించేది ముత్యం. స్వాతికార్తెలో పడిన చినుకు చిప్పలో చేరి ముత్యమవుతుందన్న భావన మన కావ్యాలకు కొత్త కాదు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాల ద్వారా ఆ పోలిక బడిపిల్లల నోటికి కూడా ఎక్కింది. ముత్యం తరువాత స్ఫురించేది సున్నం. కోస్తా ఊళ్ళలో గుల్లలు కాల్చి తీసిన గుల్లసున్నం గోడలకూ పనికివచ్చింది, తాంబూలానికీ పనికివచ్చింది. ఈ రెంటికీ నడుమ ఆ చిప్పలో ఒక ప్రాణి ఉంటుందనీ, దాన్ని పచ్చిగా, కాస్త నిమ్మరసం పిండుకుని తినడానికి జనం గంటలకొద్దీ వరుసకట్టి నిలబడతారనీ చెబితే మనలో చాలామందికి విడ్డూరంగానే తోస్తుంది. ముత్యాన్నిచ్చే చిప్ప వేరు, తినే చిప్ప వేరు. రెండూ దూరపు చుట్టాలే తప్ప ఒకే కుటుంబానివి కావు. తెలుగులో రెంటినీ ఆల్చిప్ప అనే అంటున్నాం గనుక, ఈ వ్యాసంలో ఆ మాటను తినే చిప్పకే వాడుతున్నాను.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో పోక్ వీధిలో స్వాన్ ఆయిస్టర్ డిపో అనే చిన్న అంగడి ఉంది. చిన్నది అన్నది మర్యాదకు చెప్పిన మాట కాదు. లోపల ఒక పొడవాటి చలువరాతి బల్ల, దాని ముందు 18 ఎత్తుపీటలు, అంతే. బల్లకు అవతల నిలబడ్డవారు మన కళ్ళముందే పొట్టి కత్తితో చిప్పలు విప్పి, ముక్కలు చేసిన మంచు మీద పేర్చి అందిస్తారు. ఎండ్రకాయ మాంసం, రొయ్యలు, గుల్లల చారు, పుల్లటి రొట్టె కూడా ఉంటాయి. 1912లో డేనిష్ సోదరులు ఈ అంగడిని తెరిచారు. 1946లో ఇది సాన్చిమినో కుటుంబం చేతికి వచ్చింది. 2000లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వారు తరతరాలుగా నిలిచిన భోజనశాలలకు ఇచ్చే ‘అమెరికాస్ క్లాసిక్స్’ పురస్కారాన్ని దీనికి ఇచ్చారు. నూరేళ్ళు దాటిన చలువరాతి బల్ల అమెరికాలో, అందునా భూకంపాల నగరంలో, ప్రాచీనమనే చెప్పుకోవాలి.

అయితే నేను అక్కడ తిన్న ప్రతిసారీ నన్ను ఆలోచింపజేసింది అంగడి వయస్సు కాదు, పళ్ళెంలోని పేర్లు. ఆల్చిప్పలకు పెరిగిన నీటిని బట్టి పేరు పెట్టడం ఈ దేశపు ఆచారం. బ్లూ పాయింట్ అనేది న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్ పేరు. ఒలింపియా వాషింగ్టన్ రాష్ట్రపు రాజధాని పేరు. మియాగి, కుమమోటో జపానులోని సీమల పేర్లు. ఇన్ని పేర్లలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం పేరు మాత్రం కనబడదు. బల్ల దగ్గరనుంచి ఉత్తరానికైనా తూర్పుకైనా కొద్దిదూరం నడిస్తే అఖాతపు నీరు తగులుతుంది. ఆ నీటిలో పెరిగిన ఒక్క చిప్ప కూడా ఆ పళ్ళెంలోకి రాదు. ఎందుకని? ఈ ప్రశ్నకు సమాధానం వెతికితే ఆ పేర్లే ఒక శాసనంలా చదువుకోవచ్చని తెలిసింది. నాకు అర్థమైనంతలో ఆ శాసనపాఠం ఇది.

మొదటి పంక్తి అసలు పళ్ళెంలో లేదు, మట్టిలో ఉంది. ఓలోనీ మొదలైన ఆదివాసీ జనాలు వేల సంవత్సరాలు ఈ అఖాతం ఒడ్డున బ్రదికారు. వారు తిని పారేసిన గుల్లలు, పూడ్చుకున్న తమవారి అస్థికలు, పనిముట్లు, బూడిద కలిసి దిబ్బలుగా పెరిగాయి. నెల్స్ నెల్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అఖాతం చుట్టూ తిరిగి 425 దిబ్బలను లెక్కించి, ఆ వివరాలను 1909లో ప్రచురించాడు. అన్నిటిలోకీ పేరుపొందిన ఎమెరీవిల్ దిబ్బను మాక్స్ ఊలే 1902లో తవ్వి చూశాడు. అడుగు పొరల్లో ఆల్చిప్పలు ఎక్కువగా ఉన్నాయి, పైకి వచ్చేకొద్దీ ఇతర గుల్లలు ఎక్కువయ్యాయి. అంటే అఖాతం ఆనాడు కూడా మారుతూనే ఉంది, దానితోపాటు తిండీ మారింది. కాని ఆ మార్పు శతాబ్దాల మీద జరిగింది. తినేవారు ఒడ్డు వదలలేదు, తిండి నీటిని వదలలేదు.

ఆ దిబ్బకు తరువాత పట్టిన గతి వింటే మనస్సు చివుక్కుమంటుంది. 1870ల్లో దానిమీద వినోదోద్యానం వెలసింది. సమాధుల పైన నాట్యమందిరం కట్టి జనం నృత్యాలు చేశారు. 1924లో దిబ్బను చదునుచేసి కర్మాగారానికి చోటు చేశారు. 2002లో అదే స్థలంలో అంగళ్ళ సముదాయం తెరిచారు. పక్కనున్న వీధి పేరు మాత్రం షెల్‌మౌండ్ వీధి, అంటే గుల్లలదిబ్బ వీధి.

రెండవ పంక్తి బంగారం వ్రాసింది. 1849లో బంగారపు వెర్రితో వచ్చిపడ్డ జనం చేతిలో డబ్బు ఉంది, నోటికి తూర్పుతీరపు రుచి గుర్తుంది. న్యూయార్క్‌లో అరచేయంత ఆల్చిప్పలు తిన్నవారికి ఇక్కడి స్థానికజాతి నాణెమంత చిన్నదిగా, రాగివాసనతో కనిపించింది. 1850ల తొలినాళ్ళలోనే వర్తకులు ఉత్తరాన వాషింగ్టన్ తీరంలోని షోల్‌వాటర్ అఖాతం నుంచి ఓడలలో ఆల్చిప్పలు తెప్పించడం మొదలుపెట్టారు. నేటి విల్లపా అఖాతమే అది. అక్కడ 1854లో ఆయిస్టర్‌విల్ అనే ఊరే వెలసింది. విచిత్రమేమంటే ఆ చిప్పలూ ఇక్కడి స్థానికజాతివే. నేడు ఒలింపియా అని పిలిచేది ఆ జాతినే. గుడ్లు, పందిమాంసం, ఆల్చిప్పలు కలిపి వేయించే ‘హ్యాంగ్‌టౌన్ ఫ్రై’ అనే వంటకం ఆ కాలపు సృష్టి. గనులదారిలో గుడ్డు కూడా దూరంనుంచి రావలసిందే గనుక, డబ్బున్నవాడు తన సంపదను ప్రకటించుకోవడానికి అడిగే వంటకంగా దాని కథ చెబుతారు.

మూడవ పంక్తి రైలు వ్రాసింది. 1869 మే 10న ఖండాన్ని దాటే రైలుమార్గం పూర్తయింది. అట్లాంటిక్ తీరపు ఆల్చిప్పలు పీపాలలో పడమటికి ప్రయాణం కట్టాయి. పెద్దవాటిని నేరుగా అమ్మారు. పిల్లచిప్పలను అఖాతపు దక్షిణభాగంలో, శాన్ మటేయో తీరం వెంబడి లోతు తక్కువైన బురదనేలల్లో నాటి పెంచారు. ఈ నీటి చల్లదనానికి అట్లాంటిక్ జాతి పెరిగిందే కాని పిల్లలు పెట్టి నిలదొక్కుకోలేదు. అందువల్ల ఏటేటా కొత్త విత్తనం రైలు పెట్టెల్లో రావలసివచ్చేది. మన రైతు ప్రతి సంవత్సరం విత్తనాలు కొనుక్కున్నట్టే. ఆ వ్యాపారం కాలక్రమాన మోర్గన్ ఆయిస్టర్ కంపెనీ గుప్పిట్లోకి చేరింది.

ఇక్కడే నన్ను ఎక్కువగా పట్టుకున్న సంగతి ఉంది. పోటు వచ్చినపుడు మునిగి, పాటు వచ్చినపుడు బయటపడే నేల ఎవరిది? అంతవరకు అది ఎవరైనా దిగి గుల్లలు ఏరుకోగల నేల. రాష్ట్రచట్టాలు దాన్ని వ్యక్తుల ఆస్తిగా మార్చాయి. నీటిలో గుంజలు పాతి కంచెలు కట్టారు, కాపలాదారులను పెట్టారు. కంచె వచ్చిన చోట దొంగ కూడా వస్తాడు. 1891 ప్రాంతంలో ఓక్లండ్‌కు చెందిన 15 ఏళ్ళ కుర్రవాడొకడు తనను పెంచిన దాది, ఒకప్పటి బానిస స్త్రీ అయిన జెన్నీ ప్రెంటిస్ వద్ద 300 డాలర్లు అప్పుచేసి ‘రాజిల్ డాజిల్’ అనే చిన్న తెరచాప పడవ కొన్నాడు. రాత్రిపూట ఆల్చిప్పలు దొంగిలించి తెల్లవారేసరికి ఓక్లండ్ మద్యశాలలకు అమ్మాడు. ఆ కుర్రవాడే జాక్ లండన్. తరువాత అతడు దొంగలను పట్టే కాపలా దళంలోనూ పనిచేసి, ఆ అనుభవాలతో 1905లో ‘టేల్స్ ఆఫ్ ది ఫిష్ పెట్రోల్’ కథల సంపుటి ప్రచురించాడు. అఖాతం ఎవరికీ చెందనిదిగా ఉన్నప్పుడు గుల్లలు ఏరుకున్న పిల్లవాడు దొంగ కాడు. కంచె కట్టిన తరువాత అదే పని నేరమయింది. మన చెరువులలో చేపల వేలంపాటలు చూసినవారికి ఈ మార్పు వివరించనక్కరలేదు.

నాలుగవ పంక్తి మురుగు వ్రాసింది. ఆల్చిప్ప నోరు తెరిచి తిండి వెదుక్కునే జంతువు కాదు. నీటిని లోపలికి లాగి, వడగట్టి, అందులోని సూక్ష్మపదార్థాన్ని తిని, నీటిని వదిలేస్తుంది. నీరు మంచిదైతే అది మంచిది. నీటిలో మురుగు కలిస్తే ఆ మురుగులోని క్రిములూ దానిలో చేరతాయి. దాన్ని పచ్చిగా తిన్నవాడికి టైఫాయిడ్ సోకుతుంది. చుట్టూ ఊళ్ళు పెరిగి తమ మురుగును శుద్ధిచేయకుండా అఖాతంలోకి వదిలాయి. కర్మాగారాల వ్యర్థాలు తోడయ్యాయి. అంతకుముందే సియెర్రా కొండలను నీటిధారలతో కొట్టి బంగారం తీసిన గనులు ఒండ్రుమట్టినీ, పాదరసాన్నీ నదుల ద్వారా అఖాతానికి చేరవేశాయి. ఆ ఒండ్రును నదులలోకి వదలరాదని 1884లో న్యాయమూర్తి సాయర్ తీర్పు చెప్పాడు. కాని అప్పటికే వదిలినది ఏళ్ళ తరబడి కిందికి దిగుతూనే ఉంది. 1900 తరువాత ఆల్చిప్పలు సరిగా బలియక సాగు వేగంగా క్షీణించింది. 1930ల చివరికి పూర్తిగా ముగిసింది.

ఈ తేదీలను అంగడి తేదీతో కలిపి చూడండి. పోక్ వీధిలో తలుపులు తెరిచిన 1912 నాటికే అఖాతపు సాగు అవసానదశలో ఉంది. 1946లో అంగడి చేతులు మారేసరికి సాగు లేనేలేదు. బల్ల నిలిచింది, నీరు పోయింది. 1920ల్లో రెడ్‌వుడ్ సిటీ రేవు దగ్గర ఒక సిమెంటు కర్మాగారం వెలసి, అఖాతం అడుగున పేరుకున్న పాతగుల్లలను తోడి పొడిచేసి సిమెంటు తయారుచేసింది. గుల్లసున్నం ఎరిగిన మనకు ఆ విద్య వింత కాదు. ఏ చిప్పల పేరుతో నగరం గర్వించిందో ఆ చిప్పలే చివరికి సిమెంటులో కలిశాయి.

అయిదవ పంక్తి జపాను నుంచి వచ్చింది. పసిఫిక్ అవతలినుంచి తెచ్చిన పెద్దజాతి ఆల్చిప్పను 20వ శతాబ్దపు తొలి దశకాలలో వాషింగ్టన్ తీరంలోనూ, 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న టొమాలిస్ అఖాతంలోనూ నాటారు. ఊళ్ళూ కర్మాగారాలూ అంతగా లేని నీరు కావడంతో ఆ సాగు అక్కడ నిలిచింది. నేడు కాలిఫోర్నియా ఆల్చిప్ప అని చాలామంది చప్పరించేది ఈ జపాను సంతతినే. మియాగి అన్న పేరు అలా పళ్ళెంలోకి వచ్చింది.

ఇలా చదివితే, ‘నూరేళ్ళ సంప్రదాయం’ అని మనం మెచ్చుకునేదాంట్లో నిలిచినది వడ్డించే విధానం మాత్రమేనని తెలుస్తుంది. వడ్డించే వస్తువు ఒక నీరు పాడవగానే మరొక నీటికి మారుతూ వచ్చింది. నగరానికి ఆల్చిప్ప ఎన్నడూ కరువు కాలేదు గనుక, తన అఖాతం చచ్చిపోయిన సంగతి భోక్తకు పళ్ళెంలో తెలియలేదు. ఇందుకు అంగడివారిని తప్పుపట్టలేం. వారు మంచి సరుకు ఎక్కడ దొరికితే అక్కడనుంచి తెచ్చి నమ్మకంగా పెడుతున్నారు. కాని దూరపు సరుకు సులువుగా దొరికే చోట దగ్గరి నీటిని కాపాడుకోవాలన్న ఆరాటం ఎంత తేలికగా సన్నగిల్లుతుందో ఈ చరిత్ర చూపిస్తుంది. ఓలోనీలకు ఆ సౌకర్యం లేదు. వారి తిండి వారి నీరే.

కథ ఇక్కడితో ఆగకపోవడం కొంత ఊరట. 1972 నాటి శుద్ధజల చట్టం తరువాత మురుగును శుద్ధిచేయకుండా వదలడం తగ్గింది. 2012లో శాన్ రఫేల్ ఒడ్డున పాతగుల్లల మూటలను నీటిలో పేర్చి చిన్న దిబ్బలు కట్టారు. స్థానికజాతి పిల్లచిప్పలు వాటంతట అవే వచ్చి వాటిని పట్టుకున్నాయి. నాణెమంత చిన్నదని నూటయాభై ఏళ్ళ కిందట ఈసడించిన ఆ జాతే ఎక్కడో మిగిలి ఉండి తిరిగి వచ్చింది. అవి తినడానికి కావు, ఒడ్డును కాపాడడానికీ, చేపలకు నెలవు కల్పించడానికీ. 2024లో బర్క్‌లీ నగరం తమ ఊళ్ళోని సుమారు 5,000 ఏళ్ళనాటి గుల్లలదిబ్బ స్థలాన్ని, అప్పటికి కారులు నిలిపే చోటుగా ఉన్నదాన్ని, ఆదివాసీ స్త్రీలు నడిపే సోగోరియా తే ల్యాండ్ ట్రస్టుకు అప్పగించడానికి తీర్మానించింది.

ఈ అఖాతం చుట్టూ మన తెలుగువారు వేలసంఖ్యలో ఉన్నారు. శాన్ మటేయో వంతెన, డంబార్టన్ వంతెన మీదుగా రోజూ కొలువులకు వెళ్ళేవారు ఒకనాటి ఆల్చిప్పల మళ్ళను దాటుకుంటూనే వెళుతున్నారు. దక్షిణ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయిస్టర్ పాయింట్ అనే చోట ఔషధ పరిశోధనశాలలు ఉన్నాయి, ఆల్చిప్పల సాగు లేదు. ఇక మన తీరానికి వస్తే, కాకినాడ అఖాతంలో, పులికాట్ సరస్సులో, భీమునిపట్నం దగ్గర గుల్లలు ఏరి బ్రదికినవారి చరిత్రను తెలుగులో వివరంగా చదవాలని నాకు ఎంతో కోరికగా ఉంది. ఆ ఊళ్ళ మిత్రులెవరైనా తమ పెద్దలనడిగి, ఏ కార్తెలో ఏ గుల్ల దొరికేదో, ఏ కాలవ కలిసిన తరువాత దొరకడం మానేసిందో వ్రాసిపెడితే, సున్నపుబట్టీలు ఆరిపోయిన తరువాత కూడా ఆ లెక్క మిగులుతుంది.